మగ్గం మీద పొదిగిన గుడ్లు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున సింధు వచ్చింది. సింధు మా పెదనాయన కూతురు, నాకంటే కొన్ని నెలలే పెద్దది. పుట్టి పెరిగిందంతా తిరుపతిలో. ఇప్పుడు సూళ్లూరుపేట వైపు ఏదో కంపెనీలో ఉద్యోగం చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. మా నగరికి రావడం ఏడాదికొకసారైతే గొప్ప. వాకిట్లో చెప్పులు విడుస్తూనే, "ఏమే మగ్గం మారాణీ, బాగుండావా?" అని వీధంతా వినపడేట్టు అరిచింది. కాఫీ గ్లాసు చేతికిచ్చేలోపే ఫోను తీసి నా ముందు పెట్టింది. "మన పాత ఆట మళ్ళీ ఎక్కించినానే. అన్నీ అట్నే ఉండాయి, సూడు. ఒక్కటి గూడా పోలేదు" అంది. చూసినాను. వరుసగా నిలబడిన ఆ బొమ్మ జంతువుల మధ్య తెల్లగా, చెవుల్లాంటి రెక్కలు విప్పుకుని, మల్లె ఉంది. "ఇదిగో మల్లె" అంది సింధు.

వంటింట్లో ఉన్న రాజమ్మత్తకి మల్లె అనే మాట ఎలా వినపడిందో ఏమో. ఈమధ్య రెండుసార్లు పిలిస్తేగాని పలకని మనిషి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చి, నన్ను దాటుకుని పోయి సింధు పక్కన కూచుంది. "ఏదీ, మల్లె ఇంకా ఉండాదా? దగ్గరికి పట్టు, నాకు ఆనదు" అంది. నా కడుపులో నిప్పు పడింది. నాకు ఇప్పుడు పెళ్ళీడు పిల్లలకి పాఠాలు చెప్పేంత వయసు. అయినా ఆ నిప్పు పదిహేనేళ్ళ పిల్లకి పడిన నిప్పే. దాన్ని వెంటనే గుర్తుపట్టినాను, పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక అలవాటుంది. రాజమ్మత్త పెట్టిందే. దీపం వెలిగించి, దండం పెట్టుకుని, ఆ రోజు మనకి మేలు చేసినవాళ్ళ పేర్లు పైకి చెప్పాలి. కోరికలు అడగడం తర్వాత, ముందు ఇచ్చినవాళ్ళని తలుచుకోవాలని అత్త పట్టు. పాలు పోసిన మునెమ్మ, నూలు తెచ్చిపెట్టిన ఆటో ఆయన, ఆ పూట కరెంటు తియ్యకుండా ఉన్నందుకు పేరు తెలియని కరెంటాఫీసాయన, అందరూ ఆ వరుసలో వచ్చేవాళ్ళు. గొంతు తగ్గించి గొణిగితే అత్త ఒప్పుకునేది కాదు. "స్వామికి వినపడాల, మనకీ వినపడాల" అనేది. చిన్నప్పటి నుంచి ఆ దీపం ముందు నేను చెప్పని పేరంటూ లేదు, సింధు పేరు తప్ప.

మా ఇంటి వెనక కొట్టంలో రెండు మరమగ్గాలు ఉండేవి. పొద్దున్నుంచి రాత్రి దాకా టకటకా టకటకా. ఆ చప్పుడులో పుట్టినదాన్ని, నాకు నిద్రలో అది ఆగితేనే మెలకువ వచ్చేది, కరెంటు పోయిందని తెలిసేది. ఇల్లంతా గంజి వాసన, మిషన్ నూనె వాసన, తడినూలు వాసన. అమ్మ ఒక పక్కన కూచుని కండెలు చుట్టేది. నాయన రెండు మగ్గాల మధ్య తిరుగుతూ, తెగిన పోగు వెతికి ముడి వేసుకుంటూ ఉండేవాడు. వీటన్నిటి మధ్యా రాజమ్మత్త. ఆమె నాయనకి అక్క. మొగుడు పోయి పుట్టింటికొచ్చిన మనిషి. ఆమె దగ్గర మాత్రం కొబ్బరినూనె, తమలపాకు, కర్పూరం కలిసిన వాసన. చెయ్యి పట్టుకుంటే చాలు, గుళ్ళోకి పోయినట్టుండేది.

చిన్నప్పుడు నాకు కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి, అది గుండెకి తగులుకుంది. తిరుపతి ఆస్పత్రిలో చాలా రోజులున్నాం. పరిగెత్తకూడదు, మెట్లెక్కకూడదు, అలిసిపోకూడదు అని చెప్పి పంపించినారు. బడి మిద్దె మీద. నాయన ఒక్క మాటతో తేల్చేసినాడు. "సదువు యాడికీ పోదు. పిల్ల పోతే రాదు." అప్పట్నించి నా బడి రాజమ్మత్త. కండెలు వరుసలుగా పేర్చి ఎక్కాలు నేర్పింది. గోవిందనామాల పుస్తకంలో చదవడం నేర్పింది. సాయంత్రమైతే వాకిట్లో తిన్నె మీద కూచోబెట్టుకుని, రోడ్డున పోయే బస్సుల బోర్డులు చదివించేది. నేను 'సత్యవేడు' అని చదివితే, "ఆడ ఏముంటాదో చెప్పు" అనేది. నాకు తెలీదు. అత్తకీ తెలీదు. ఇద్దరం కలిసి కల్పించుకునేవాళ్ళం. సత్యవేడులో అందరూ నిజాలే చెప్తారనీ, అందుకే ఆడ ఒక్క కొట్లాట కూడా ఉండదనీ, ఆ ఊరి బస్సు ఎప్పుడూ ఖాళీగా పోయేది అందుకేననీ. అత్త పకపకా నవ్వేది. ఆ నవ్వు నాకొక్కదానికే సొంతం అనుకునేదాన్ని.

సెలవులకి సింధు వచ్చినప్పుడల్లా ఆ సొంతానికి గండి పడేది. ఆ ఏడు మాత్రం ఆమె చేతిలో ఒక కొత్త ఆటతో దిగింది. ఫోను పట్టుకుని నడుస్తుంటే, మనముండే వీధులే పటంలా కనిపిస్తాయి. ఆ వీధుల్లో ఎక్కడో ఒక వింత జంతువు ప్రత్యక్షమవుతుంది. బంతి విసిరి పట్టుకోవాలి. పట్టిన ప్రతిదాని కిందా దాన్ని ఏ ఊళ్ళో పట్టినామో రాసి ఉంటుంది. కొన్ని గుడ్లు కూడా ఇస్తారు. మనం నడిచేకొద్దీ అవి పొదుగుతాయి. అలా చేర్చుకున్నవాటిలోంచి మూడింటిని ఎంచుకుని ఎదుటివాళ్ళ మూడింటితో పోట్లాడించడమే అసలు ఆట. నిప్పుది ఆకుదాన్ని కొడుతుంది, నీళ్ళది నిప్పుదాన్ని కొడుతుంది. తెర మీద వేలితో టపటపా కొట్టాలి. ఎదుటిది పెద్ద దెబ్బ వేసే ముందు డాలు అడ్డం పెట్టాలి, ఆ డాళ్ళు రెండే ఉంటాయి. సింధు మా నాయన ఫోన్లో కూడా ఆ ఆట ఎక్కించి నాకిచ్చింది. తిన్నె మీద ఎదురెదురుగా కూచున్నాం. సింధువి మూడూ నా మూడింటినీ నమిలి మింగేసినాయి.

"నీయన్నీ కోడిపిల్లలే! యాడికీ నడవకుండా ఇంట్లో కూసుంటే ఇంతే మరి" అని సింధు నవ్వింది. ఆ మాట పెద్దగా తగల్లేదు. తగిలిందేమంటే, ఆట మొదలైనప్పుడు నా వెనక నిలబడి ఉన్న అత్త, ఆట ముగిసేసరికి సింధు వెనక ఉండటం. సింధు భుజం మీద చెయ్యేసి, తెరలోకి వంగి, "ఈ ఎర్రది యాడ పట్టినావు?" అని అడుగుతోంది. "గోవిందరాజస్వామి గుడి కాడత్తా." "ఇది?" "బస్టాండులో. నాయన ఆటో పక్కనే నిలబడుండాది, రా రా అని పిలిచినట్టు." "ఈ బొద్దుది?" "కపిలతీర్థం కాడ. నీళ్ళు పడతా ఉంటే తడస్తా పట్టినా." అత్త కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. నా తట్టు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సాయంత్రం బస్సు బోర్డులు చదవనే లేదు. తర్వాత సింధు వచ్చిన ప్రతిసారీ అంతే. ఆటకి కూచుంటే అత్త చోటు సింధు వెనక. అన్నం పెట్టేటప్పుడు ముందు నాకే వడ్డించేది, నా మందులూ మరిచేది కాదు. కానీ పోట్లాటలో ఎవరి వెనక నిలబడతామో అదే అసలు ప్రేమ అని అప్పటి నా లెక్క.

గెలిస్తే అత్త నా వెనక్కి వస్తుందనుకున్నాను. గెలవాలంటే మంచి జంతువులు కావాలి, వాటికి నడవాలి, నాకు నడక లేదు. ఆ దారి దేవుడే చూపించినాడనుకుంటాను. ఒకరోజు నాయన ఫోనుని గుడ్డసంచిలో వేసి, మగ్గంలో ముందుకీ వెనక్కీ ఊగే చెక్కకి తగిలించి, తెగిన పోగు ముడేసే పనిలో పడి దాన్ని మర్చిపోయినాడు. సాయంత్రం నేను ఆట తెరిస్తే, గుడ్లన్నీ పగిలి పిల్లలు బయటికొచ్చి ఉన్నాయి. "భలే నడిచినారు!" అని తెర మీద పూలు రాలుతున్నాయి. చెక్క ఊగిన ప్రతి ఊపునీ ఆ ఆట ఒక అడుగు అనుకుంది! అమ్మ కండె వదిలేసి నవ్వింది. నాయన, "నా ఫోను మగ్గం కాడినించి కదలకుండా కాశీకి పోయొచ్చిందే!" అన్నాడు. నాకు లోపల ఎక్కడో బెరుకు. "ఇది మోసమా అత్తా?" అని అడిగినాను. అత్త వక్క కొరుకుతూ ఆలోచించి, "మోసమేముండాది? ఈ ఇంట్లో మగ్గం నడిస్తేనే గదా మనమందరం నడిచేది" అంది. ఆ మాటతో నా బెరుకు పోయింది.

అప్పట్నించి పొద్దున్నే స్నానం చేసి, దేవుడి గూటికి దండం పెట్టుకుని, ఫోను సంచిని నా చేత్తో మగ్గానికి కట్టేదాన్ని. ఆ గూట్లో స్వామి పటం పక్కన పసుపుగుడ్డ ముడుపు ఒకటి ఉండేది. చిన్నప్పటి నుంచీ అక్కడే ఉంది కాబట్టి అది ఎవరిదో, ఎందుకో అడగాలని ఎన్నడూ తోచలేదు. కరెంటు ఉంటే గుడ్లు నడిచేవి, కరెంటు పోతే ఆగేవి. "పోయిందిరా కరెంటు" అని నాయన తల పట్టుకుంటే, నేనూ పట్టుకునేదాన్ని. సంచి తాడు పోగులకి తగులుకుని తెగినప్పుడు నాయన విసుక్కునేవాడు. "ఇంట్లో ముగ్గురాడోళ్ళు సాలక ఈ గుడ్లు పెట్టేదొకటి తయారయింది!" అనేవాడేగాని సంచి విప్పేవాడు కాదు. అలా పుట్టినవాటిలో ఒకటి తాబేలులా ఉండే రాతిజంతువు. దానికి గుండ్రాయి అని పేరు పెట్టుకున్నాను. దెబ్బ మీద దెబ్బ తిన్నా కదలదు. దాన్ని పట్టుబట్టి పెంచినాను, సింధు కోసం.

తమిళ లెక్కలో కొండ మీది స్వామికి ఇష్టమైన పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాల్లో మా వైపు ఇళ్ళల్లో ఆకులో రకరకాల అన్నాలు పరిచి స్వామికి తళిగ వేస్తారు. పిల్లలు నామాలు పెట్టుకుని గోవిందా అంటూ ఇంటింటికీ వస్తారు. ఒక శనివారం మా ఇంట్లో తళిగ. అత్త తెల్లారకముందే లేచి తడిచీరతో వంట మొదలుపెట్టింది. సింధు వచ్చేసరికి పులిహోర తాలింపు వాసన వీధి దాకా ఉంది. వస్తూనే, "అత్తా! నిన్న బళ్ళో అందరం కొండకి నడిచి పోయొచ్చినాం. అలిపిరి నుంచి!" అని కాళ్ళు చూపించింది. మడమలు కాస్త వాచి ఉన్నాయి. అత్త గరిటె కింద పెట్టేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. వాకిట్లో సింధుని నిలబెట్టి, ఆ పిల్ల కాళ్ళు కడిగి, రెండు చేతులతో తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకుంది. కొండకి నడిచొచ్చినవాళ్ళు చిన్నవాళ్ళయినా సరే, పెద్దవాళ్ళు కాళ్ళు తాకాలని మా ఇంటి ఆచారం. ఆచారం నాకూ తెలుసు. కానీ ఆ కాళ్ళు నావి కావు, కాబోవు కూడా. గడపకి ఆనుకుని చూస్తూ నిలబడినాను. నా గుండె డాక్టరు చెప్పినదానికంటే గట్టిగా కొట్టుకుంది.

సింధు ఫోను తీసింది. "ఇదిగో అత్తా, గాలిగోపురం కాడ పట్టినా. ఎవ్వరికీ దొరకలేదు, నాకొక్కదానికే!" తెల్లని జంతువు. అత్తే దానికి మల్లె అని పేరు పెట్టింది. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. గాలిగోపురం కాడ గాలి ఎట్టుంటాది? ఆడ నుంచి కిందికి చూస్తే తిరుపతి అగుపడతాదా? మోకాళ్ళ మెట్టు కాడ నిజంగానే మోకాళ్ళతో ఎక్కుతారా? తళిగ వేసి, అందరూ తిన్నాక, సింధు "ఆడదామా?" అంది. నేను దానికోసమే కాచుకుని ఉన్నాను. అత్త, ఎప్పట్లాగే, సింధు వెనక కూచుంది. సింధువి మొదటి రెండూ పడిపోయినాయి. మిగిలింది మల్లె. నాకు మిగిలింది గుండ్రాయి. సింధు డాళ్ళు రెండూ అయిపోయినాయి. నా వేళ్ళు తెర మీద మగ్గంలా ఆడినాయి. మల్లె రెక్కలు ముడుచుకుని పడిపోయింది. నేను గెలిచినాను! తల ఎత్తి చూసినాను, అత్త లేచి ఈ పక్కకి వస్తుందని.

అత్త నాలుకతో చప్పుడు చేసి, "పాపం, కొండ మీదనించి దిగొచ్చిందే, దాన్నెందుకట్ట కొట్టినావు" అంది. సింధు భుజం నిమిరి, "పోనీలే తల్లీ. మళ్ళీ లేస్తాదా అది? లేస్తాది గదా? ఇంతకీ ఏ మెట్టు కాడ అగుపడిందని చెప్పినావు?" అంది. సింధు ఓడిపోయిన ముఖంతోనే మళ్ళీ మొదలుపెట్టింది. నేను లేచి కొట్టంలోకి పోయి మగ్గం పక్కన కూచున్నాను. నాయన చూసినాడు. "ఏమే, గెలిచినావంట గదా?" అన్నాడు. "గెలిచినా నాయనా" అన్నాను. ఆ సాయంత్రం దీపం ముందు చాలా పేర్లు చెప్పినాను. గుండ్రాయి పేరు కూడా చెప్పినాను. అత్త ఇంకా ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు కాసేపు ఆగి చూసింది. నేను దీపం వంకే చూస్తూ ఉండిపోయినాను.

తర్వాత నాకు ఆపరేషన్ జరిగింది. స్వామి దయ, ఆ డాక్టర్ల చేతి చలవ, గుండె గాడిలో పడింది. ఇంటి దగ్గరే పరీక్షలకి చదివి డిగ్రీ దాకా వచ్చినాను. ఒక మగ్గం అమ్మేసినాం. మిగిలినది నాయన ఓపికని బట్టి నడుస్తుంది. ఆట ఎప్పుడో మానేసినాను. ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లల చేతుల్లో ఇంతకంటే వింత ఆటలున్నాయి. వాళ్ళు ఎక్కడో ఉన్న, ముఖం తెలియని వాళ్ళతో పోట్లాడతారు. గెలిస్తే వెనక్కి తిరిగి చూడరు. చూసినా వెనక ఎవరూ ఉండరు. మాకు ఎదుటి మనిషి ఊపిరి వినపడేది, వెనక మనిషి వక్క వాసన తెలిసేది. అప్పుడే బాగుండేదని అనను. నాకు అప్పుడు నడక లేదు, ఇప్పుడు ఉంది. కానీ ఓర్వలేకపోవడానికి కూడా పక్కన ఒక మనిషి కావాలి గదా అని మాత్రం అనిపిస్తుంది.

ఆ ఆదివారం సింధు వెళ్ళిపోయినాక, గిన్నెలు తోముతూ అమ్మతో అన్నాను, "అత్తకి ఎప్పుడూ సింధునే ముద్దు" అని. నవ్వుతూనే అన్నాను. అమ్మ నవ్వలేదు. "ఆ గూట్లో ముడుపు ఎవరిదనుకుంటా ఉండావు?" అంది. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు, పిల్ల బతికితే కొండకి నడిచి వస్తానని అత్త మొక్కుకుందట. ముడుపు కట్టిందట. ఇంటికొచ్చినాక నన్ను ఒక్క పూట కూడా ఒంటరిగా వదలకూడదన్నారు. అమ్మకి కండెలు, నాయనకి మగ్గాలు. "పిల్ల కోసం మొక్కుకొని, పిల్లని వదిలేసి పోతానా" అని అత్త ఆగిపోయిందట. ఏడాది ఏడాదికీ ఆగిపోయింది. నాకు బాగయ్యేసరికి ఆమె మోకాళ్ళు పోయినాయి. "సింధు వస్తే అన్ని ప్రశ్నలెందుకు అడిగేదనుకున్నావు? ఆ పిల్ల కాళ్ళతో ఈమె ఎక్కతా ఉన్నింది" అంది అమ్మ.

నేను తడిచేతులతో అక్కడే కూచుండిపోయినాను. సత్యవేడు బస్సు గుర్తొచ్చింది. ఆడ ఏముంటాదో చెప్పు అన్న మాట గుర్తొచ్చింది. తిన్నె మీద కూచుని రోడ్డు వైపు చూసింది నేనొక్కదాన్నే అనుకున్నానే! నా గుండ్రాయి కింద ఎప్పుడు చూసినా 'నగరి' అనే ఉండేది. పాపం, దాన్ని చూసి అత్త ఏమడుగుతుంది?

కొండకి నడిచి పోవచ్చా అని డాక్టరుని అడిగినాను. మెల్లగా ఎక్కమన్నారు. అత్తకి చెప్తే కంగారుపడి, తర్వాత గూట్లోంచి ముడుపు తీసి, కొత్త పసుపుగుడ్డలో మళ్ళీ కట్టి నా చేతికిచ్చింది. అమ్మ బస్సులో పైకి పోయి కూచుంటానంది. నేను అలిపిరిలో మొదటి మెట్టుకి పసుపు కుంకుమ పెట్టి మొదలుపెట్టినాను. ఎక్కినాను, కూచున్నాను, మళ్ళీ ఎక్కినాను. గాలిగోపురం కాడ గాలి నిజంగానే ఉంది. చెమట పట్టిన మెడకి తడిగుడ్డ వేసినట్టుంది. కిందికి చూస్తే తిరుపతి అంతా అగుపడుతుంది. అత్తకి చెప్పడానికి అన్నీ గుక్క తిప్పుకుంటూ చూసినాను. ఆ ముందురోజే ఫోన్లో ఆట మళ్ళీ ఎక్కించుకున్నాను. తెల్లది దొరుకుతుందేమోనని చాలాసేపు కాచుకున్నాను. దొరకలేదు. ఊరపిచ్చుకలాంటి ఒక సాదా గోధుమరంగుది, ఎక్కడపడితే అక్కడ దొరికేది, గంతులేస్తూ వచ్చింది. దాన్నే పట్టినాను. పైన ముడుపు హుండీలో వేసేటప్పుడు అత్త పేరే చెప్పినాను.

మరునాడు ఇంటికొచ్చేసరికి అత్త చెంబుతో వాకిట్లోనే ఉంది. వద్దన్నా వినలేదు. వంగలేక, తిన్నె మీద కూచుని, నన్ను ఎదురుగా నిలబెట్టి, నా కాళ్ళు ఒక్కొక్కటీ ఒళ్ళోకి తీసుకుని కడిగింది. తాకి కళ్ళకద్దుకుంది. ఎన్నేళ్ళు కాచుకున్నానో ఈ చేతుల కోసం. ఆ చేతులు తగిలినప్పుడు నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఏడుపొచ్చింది. అత్త మాత్రం కళ్ళు తుడుచుకుని, "ఫోను తే. యాడ పట్టినావు?" అంది.

"గాలిగోపురం కాడే అత్తా."

ఫోను ముక్కు దగ్గరికి పెట్టుకుని, ఆ పిచ్చుకని చాలాసేపు చూసింది. "బాగుండాది. బలే బాగుండాది" అంది. ఇంకొంచెంసేపు చూసి, "సింధుది తెల్లగా ఉండేది గదా?" అంది.

మళ్ళీ పడింది కడుపులో నిప్పు. అత్త ముఖం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత సంతోషంగా ఉంది ఆ ముఖం.

సాయంత్రం దీపం పెట్టినాను. గుండె బాగుచేసిన డాక్టర్ల పేర్లు చెప్పినాను. అమ్మ, నాయన, అత్త. దారిలో నీళ్ళిచ్చిన ముసలామె, పేరు తెలీదు. ఇన్నేళ్ళు మా అత్తని ఒక్కొక్క మెట్టూ ఎక్కించినందుకు సింధు పేరు కూడా చెప్పినాను. మిగతా పేర్లకంటే కొంచెం సన్నగా చెప్పినాను. "వినపళ్ళా" అంది అత్త వెనకనించి.

మళ్ళీ చెప్పినాను.